చర్చికీ సంతకీ ఒకే బండి

ముందు నుంచి చూస్తే కారు, వెనక నుంచి చూస్తే ట్రక్కు. రెండు తలుపులు, రెండు సీట్లు, డ్రైవరు వీపు వెనక ఒక ఇనుప గోడ, ఆ గోడ అవతల పైకప్పు లేని తొట్టి. ఆస్ట్రేలియాలో దాన్ని యూట్ అన్నారు. 1934లో పుట్టి ఎనభై ఏళ్ల పైచిలుకు బతికింది. 2016 జూలైలో మెల్‌బోర్న్ శివారు బ్రాడ్‌మెడోస్ కర్మాగారంలో ఫోర్డ్ ఫాల్కన్ యూట్ ఆఖరిది తయారైంది. మరుసటి ఏడాది అక్టోబరు 20న అడిలైడ్ దగ్గరి ఎలిజబెత్‌లో హోల్డెన్ కర్మాగారం మూతపడింది. దాంతో ఆ వంశం అంతరించింది.

పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలన్నది మన ఆనవాయితీ. యూట్ విషయంలో అందుకు తడుముకోనక్కర్లేదు. తడుముకోవాల్సిందల్లా చావుకు కారణం దగ్గరే. కొనేవాళ్లు కరువయ్యారని ఒక్క ముక్కలో తేల్చేశారు చాలామంది. ఆ మాట అబద్ధమేమీ కాదు. కానీ కొనేవాళ్లు ఎందుకు కరువయ్యారో, అసలు వాళ్లు కాదనుకున్నది దేన్నో అందులో లేదు.

పుట్టుక కథ అక్కడ అందరికీ కంఠతా వచ్చిందే. 1932 ప్రాంతంలో విక్టోరియా రాష్ట్రంలోని గిప్స్‌ల్యాండ్ నుంచి ఒక రైతు భార్య ఫోర్డ్ కంపెనీకి ఉత్తరం రాసిందట. ఆదివారం వానలో తడవకుండా చర్చికి వెళ్లడానికీ, సోమవారం మా ఆయన పందుల్ని సంతకు వేసుకెళ్లడానికీ పనికొచ్చే బండి చేసిపెట్టగలరా అన్నది అందులో సారాంశం. ఆమె పేరు చరిత్రకెక్కలేదు. ఏ ఏడాది రాసిందన్న దాని మీదా కథకో లెక్క ఉంది. ఆమె చెప్పిన ఇబ్బంది మాత్రం కల్పితం కాదు. అవి ఆర్థిక మాంద్యం రోజులు. రైతు పని బండి కొంటానంటే బ్యాంకు అప్పిచ్చేది, కారు కొంటానంటే విలాసమని పంపించేసేది. రెండు బళ్లు కొనే స్తోమత ఏ కొద్దిమందికో తప్ప లేదు. కాబట్టి బ్యాంకు కంటికి ట్రక్కులా, ఇంటావిడ కంటికి కారులా కనిపించేది ఒకటి కావలసి వచ్చింది.

ఆ పని జిలాంగ్‌లోని ఫోర్డ్ కర్మాగారంలో లూయిస్ బ్యాంట్ అనే కుర్ర డిజైనరు చేతికి వచ్చింది. అప్పటికతనికి ఇరవై రెండో ఇరవై మూడో ఏళ్లు. అంతకుముందు కూడా కారు వెనక పెట్టె బిగించిన బళ్లు తిరుగుతుండేవి. వాటికి పైన గుడ్డ టాపు తప్ప మరో అడ్డు ఉండేది కాదు. గట్టి వాన వస్తే ముందున్న మనుషులూ వెనకున్న సరుకూ కలిసే తడిసేవి. బ్యాంట్ ఇనుప కప్పు, కిటికీ అద్దాలు ఉన్న రెండు సీట్ల కూపే కారును తీసుకున్నాడు. దాని పక్క రేకును తలుపు దాటాక తెంచకుండా అలాగే వెనక దాకా లాగి, తొట్టికి అదే గోడ చేశాడు. ఈ చివర నుంచి ఆ చివర దాకా చెయ్యి పెట్టి నిమిరితే కారు ఎక్కడ అయిపోయిందో, తొట్టి ఎక్కడ మొదలైందో వేలికి తగలదు. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ నడుమ 112 అంగుళాలు. మోయగల బరువు 1200 పౌండ్లు, అంటే సుమారు 545 కిలోలు. 1934లో అమ్మకానికి వచ్చింది. అమెరికాలో దాన్ని చూసిన హెన్రీ ఫోర్డ్ కంగారూలను తరిమే బండి అన్నాడని ఒక ముచ్చట కూడా చెప్పుకుంటారు.

ఆ ఒకే రేకులో ఉంది మొత్తం విద్య. ట్రక్కుకు క్యాబిన్ వేరు, తొట్టి వేరు. రెండింటినీ మోయడానికి కింద బరువైన ఛాసిస్ ఉండాలి, దాన్నిబట్టి ఎత్తు పెరుగుతుంది, నడకలో కుదుపు పెరుగుతుంది. యూట్ కారు ఎత్తులోనే నిలబడింది, కారులాగే మలుపు తిరిగింది. చర్చి ముందు నలుగురి కార్ల పక్కన ఆపినా చిన్నతనం అనిపించని బండి అది. బ్యాంట్ తాను గీసిన బొమ్మకు చివరిదాకా కట్టుబడ్డ మనిషి. ఉద్యోగ విరమణ తర్వాత తొలినాటి యూట్ ఒకదాన్ని బాగుచేసుకున్నాడు. 1987లో దాన్నే నడుపుకుంటూ వెళ్తూ రోడ్డు ప్రమాదంలో కన్నుమూశాడు.

యుద్ధం అయ్యాక రంగంలోకి హోల్డెన్ దిగింది. 1948లో ఆస్ట్రేలియా సొంత కారు అని దేశమంతా చెప్పుకున్న హోల్డెన్ వచ్చింది, 1951లో దానికి యూట్ పుట్టింది. 1961లో ఫాల్కన్ యూట్‌తో ఫోర్డ్ పోటీకి వచ్చింది. ఆ తర్వాత అరవై ఏళ్ల దరిదాపు ఆస్ట్రేలియా గ్రామసీమ ఈ రెండు పార్టీలుగా చీలిపోయింది. తండ్రి ఫోర్డు మనిషైతే కొడుకూ ఫోర్డు మనిషే. క్రైస్లర్ వాలియంట్ యూట్‌లూ కొంతకాలం తిరిగాయి గానీ ఆ రెండు జెండాల మధ్య మూడోది ఎప్పుడూ అంత ఎత్తున ఎగరలేదు.

దాని ఉపయోగం తెలియాలంటే తొట్టి అంచు ఎత్తు చూడాలి. వెనక తలుపు దించితే తొట్టి నేల మామూలు మనిషికి తొడల దగ్గరకు వస్తుంది. సిమెంటు బస్తాను నడుము దాకా ఎత్తనక్కర్లేదు, వాల్చి లోపలికి నెట్టెయ్యొచ్చు. గొర్రెల కాపరి కుక్క ఒక్క దూకులో ఎక్కి కూర్చుంటుంది. పక్కన నిలబడి చెయ్యి చాపితే తొట్టి మధ్యలో ఉన్న సుత్తి అందుతుంది, పైకెక్కి వెతకనక్కర్లేదు. సాయంత్రం తొట్టి మీద రెగ్జిన్ పట్టా పరిచి, అంచుల వెంట గుండీలు నొక్కేస్తే పనిముట్లు వానకు తడవవు, దొంగ కంటికీ పడవు. తర్వాత స్టీరింగు ముందు కూర్చుంటే అది మళ్లీ కారే. అదే ఇంజను, అదే డ్యాష్‌బోర్డు, అదే ఏసీ. వడ్రంగి, ప్లంబరు, కరెంటు పనివాడు పగలంతా దానితో పని చేసి, రాత్రికి అదే బండిలో భార్యను సినిమాకు తీసుకెళ్లారు.

వయసులో ఉన్నవాళ్లు దాని మీద మోజు పడటానికి ఎంతోకాలం పట్టలేదు. వెనక సీటూ, వెనక కప్పూ లేకపోవడంతో బరువు తగ్గింది, ముందు మాత్రం సెడాన్‌కు పెట్టిన వీ8 ఇంజనే ఉంది. 1970లలో హోల్డెన్ శాండ్‌మన్ పేరుతో రంగురంగుల చారలు వేసి సముద్రపు ఒడ్డుకు పంపింది. 1990 నుంచి హోల్డెన్ వేగపు బళ్ల విభాగం హెచ్‌ఎస్‌వీ వాళ్ల మాలూ వచ్చింది. 2006 మేలో మార్క్ స్కైఫ్ అనే రేసు డ్రైవరు దక్షిణ ఆస్ట్రేలియాలోని వూమెరాలో మాలూను సగటున గంటకు 271.44 కిలోమీటర్ల వేగంతో నడిపి, ప్రపంచంలో అన్నిటికంటే వేగమైన పికప్‌గా గిన్నిస్ రికార్డు సాధించాడు. అంతకుముందు ఆ రికార్డు అమెరికా డాడ్జ్ రామ్‌ది. గడ్డి మోపులు మోయడానికి పుట్టిన బండి అది! న్యూ సౌత్ వేల్స్‌లో డెనిలిక్విన్ అనే చిన్న ఊరు 1999 నుంచి యూట్ల జాతర జరుపుతోంది. వేల యూట్లు ఒక మైదానంలో చేరతాయి. ఒక్కోదానికి నిలువెత్తు ఏరియల్సు, దీపాల వరస, వెనక అద్దం కనపడనంతగా స్టిక్కర్లు.

ఇంత ప్రేమ ఉంటే మరి చచ్చిపోవడమేమిటి? ఇక్కడే అసలు సంగతి ఉంది. యూట్‌కు సొంత కాళ్లు లేవు. అది తల్లి కారు ఒడిలో పెరిగిన బిడ్డ. దానికి వేరే ఇంజను, వేరే తలుపులు, వేరే అచ్చులు చేసి ఖర్చు పెట్టనక్కర్లేదు గనకే చౌకగా అమ్మగలిగారు. సెడాన్ లక్షల్లో అమ్ముడైతే ఆ లెక్కలో యూట్ ఖర్చు కలిసిపోతుంది. సెడాన్ తగ్గితే యూట్ ఒక్కటే ఆ కర్మాగారాన్ని మోయలేదు.

ఇందుకు ముందే ఒక హెచ్చరిక వచ్చింది. 1980ల నడుమ హోల్డెన్ తన పెద్ద కారు వంశాన్ని ఆపి, చిన్నదైన కొమడోర్‌తో సరిపెట్టుకుంది. ఆ చిన్న తల్లికి యూట్ పుట్టలేదు. కొన్నేళ్లు హోల్డెన్ షోరూముల్లో యూట్ లేకుండా పోయింది. కొమడోర్ పెద్దదయ్యాకనే, 1990లో, అది మళ్లీ వచ్చింది. అంటే ఒకసారి పోయి బతికింది. అప్పుడు పోవడానికీ, తిరిగి రావడానికీ కారణం కొనేవాళ్ల ఇష్టం కంటే తల్లి కారు కొలతలే.

రెండోసారి తల్లే పోయింది. 1996 నుంచి 2010 దాకా వరసగా పదిహేనేళ్లు ఆస్ట్రేలియాలో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన కారు కొమడోర్. 2011లో ఆ స్థానం మాజ్దా 3కి పోయింది. పెట్రోలు ధర పెరిగింది, చిన్న కార్లూ ఎస్‌యూవీలూ వచ్చాయి. ఆస్ట్రేలియా డాలరు అమెరికా డాలరును మించిపోయిన రోజుల్లో అక్కడ చేసిన కారు ఎగుమతికి ఖరీదైంది, బయటి కారు చౌకైంది. 1980ల మధ్యలో 57.5 శాతం ఉన్న దిగుమతి సుంకం మెట్టు మెట్టుగా దిగి 2010 నాటికి 5 శాతానికి వచ్చింది. 2013 మేలో ఫోర్డ్, డిసెంబరులో హోల్డెన్, 2014 ఫిబ్రవరిలో టయోటా అక్కడ కార్ల తయారీ మానేస్తున్నట్టు ప్రకటించాయి. అందులో ఏ ఒక్క ప్రకటనా యూట్ మీద కోపంతో చేసింది కాదు. పెద్ద సెడాన్‌ను జనం వదులుకున్నారు, యూట్ దానితో సహగమనం చేసింది.

అయినా తప్పంతా సెడాన్ మీదకు నెట్టేస్తే న్యాయం కాదు. యూట్‌కు సొంత లోటు ఒకటుంది. అందులో ఇద్దరే పడతారు. 1930లలో రైతు పిల్లల్ని తొట్టిలో కూర్చోబెట్టుకుని వెళ్తే అడిగినవాడు లేడు. తర్వాత సీటు బెల్టుల చట్టాలు వచ్చాయి, పిల్లలకు వేరే సీట్లు తప్పనిసరి అయ్యాయి. పెళ్లికాని కుర్రాడికి యూట్‌ను మించిన బండి లేదు. మొదటి బిడ్డ పుట్టగానే దాన్ని అమ్మకానికి పెట్టాల్సి వచ్చేది. హోల్డెన్ 2003లో నాలుగు తలుపుల క్రూమన్ తెచ్చి చూసింది. అది మరీ పొడవై, కొంత ఖరీదై, కొన్నేళ్లకే ఆగిపోయింది. ఫోర్డు 1999లో క్యాబిన్ నుంచి తొట్టిని విడదీసింది. దాంతో బరువు మోసే శక్తి పెరిగింది, రకరకాల తొట్లు బిగించుకునే వీలూ దొరికింది. కానీ బ్యాంట్ లాగిన ఆ ఒక్క రేకు ఫోర్డు యూట్‌లో అక్కడితో తెగిపోయింది. పనిలో మెరుగుపడింది, రూపంలో ట్రక్కుకు దగ్గరైంది. ట్రక్కే కావాలనుకున్నవాడికి మరి అసలు ట్రక్కే దొరుకుతున్నప్పుడు ఇదెందుకు?

ఆ అసలు ట్రక్కులు థాయ్‌లాండ్ నుంచి వచ్చాయి. 2005 జనవరి 1న ఆస్ట్రేలియా, థాయ్‌లాండ్ స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం అమల్లోకి వచ్చింది. అక్కడ తయారైన పికప్‌లకు సుంకం లేకుండా పోయింది. టయోటా హైలక్స్, ఇసుజు డీ-మాక్స్, ఫోర్డ్ రేంజర్. నాలుగు తలుపులు, ఐదు సీట్లు, డీజిల్ ఇంజను, నాలుగు చక్రాల డ్రైవ్. ఒక టన్ను దరిదాపు మోస్తాయి, కొత్త మోడళ్లు మూడున్నర టన్నుల ట్రైలర్‌నో పడవనో లాగుతాయి. పిల్లలు వెనక సీట్లో, సైకిళ్లు తొట్టిలో. ఇల్లాలికి అభ్యంతరం చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

పన్నుల శాఖకూ అభ్యంతరం లేదు. సరుకు మోయడానికి చేసిన బండి కంపెనీది అయితే, సొంత వాడకం నామమాత్రంగా ఉంటే, ఉద్యోగికి ఇచ్చే సౌకర్యాల మీద వేసే పన్ను దానికి పడదు. ప్రయాణికుల కోసం చేసింది కాదు గనక విలాస కార్ల పన్నూ తగలదు. 2015 బడ్జెట్‌లో చిన్న వ్యాపారులు 20 వేల డాలర్ల లోపు సామగ్రిని కొన్న ఏడాదే ఖర్చు కింద రాసుకోవచ్చన్నారు. ఈ వెసులుబాట్లు పాత యూట్‌కూ ఉన్నాయి, కాదనను. కానీ ఐదుగురు కూర్చునే కుటుంబ బండికి కూడా పని బండి లెక్క దొరికినప్పుడు, ఇద్దరి బండిని ఏ గుమాస్తా సిఫారసు చేస్తాడు? 1930లలో బ్యాంకు నిబంధన యూట్‌ను కనింది. తర్వాతి రోజుల్లో పన్నుల నిబంధనలు దాని ప్రత్యర్థికి పాలు పోశాయి. జనం కోరికలు ఆకాశం నుంచి ఊడిపడవు. అప్పు ఎక్కడ పుడుతుందో, పన్ను ఎక్కడ తప్పుతుందో చూసుకునే అవి పుడతాయి.

2016లో హైలక్స్ ఆస్ట్రేలియాలో అన్ని బళ్లలోకీ ఎక్కువ అమ్ముడైంది. పని బండి ఒకటి ఏడాది పట్టికలో మొదటి స్థానానికి రావడం అదే తొలిసారి. ఫాల్కన్ యూట్ పోయిన ఏడాదే అది. 2023లో ఆ స్థానం రేంజర్‌కు దక్కింది. రేంజర్ తయారయ్యేది థాయ్‌లాండ్‌లోనే అయినా, దాన్ని గీసి, లెక్కలు కట్టి, పరీక్షలు చేసింది ఫోర్డు ఆస్ట్రేలియా ఇంజనీర్లే. మెల్‌బోర్న్ నుంచి జిలాంగ్ వెళ్లే దారిలో యూ యాంగ్స్ గుట్టల పక్కన వాళ్ల పరీక్షా మైదానం ఉంది. బ్యాంట్ వారసులే బ్యాంట్ బండికి ఉద్వాసన చెప్పారు.

ఆ దారికి ఈ పక్కనే మెల్‌బోర్న్ పడమటి శివార్లు. టార్నీట్, విండమ్ వేల్ లాంటి చోట్ల మన తెలుగు కుటుంబాలు చాలా స్థిరపడ్డాయి. కొత్త ఇళ్లు లేస్తూనే ఉండే పేటలవి. పొద్దున్నే పనివాళ్ల బళ్లు వరసగా ఆగుతాయి, దాదాపు అన్నీ ఐదు సీట్ల డీజిళ్లే. ఇక్కడ మన నేల మీదా దాని చుట్టమే తయారవుతోంది. తిరుపతి జిల్లా శ్రీసిటీలో ఇసుజు కర్మాగారం 2016లోనే మొదలైంది. డీ-మాక్స్ వీ-క్రాస్ అక్కడిదే. కారు లాంటి ట్రక్కు మాత్రం మనకు అలవాటు కాలేదు. మనకు సరుకుకు టాటా ఏస్, సవారీకి కారు. బండి నడపడానికి డ్రైవరును పెట్టుకోగల సమాజంలో రెండు పనులూ ఒకే బండితో చేయించాలన్న అవసరం ఎవరికి పడుతుంది? తన పని తానే చేసుకుని, తన బండి తానే నడుపుకునే మనిషి బండి యూట్. అలాంటి మనిషే దాన్ని నిలబెట్టాడు.

ఆస్ట్రేలియా రేసుల వాళ్లు మాత్రం పాత యూట్‌ను వదలకుండా కొంతకాలం బెట్టు చేశారు. 2001లో మొదలైన వీ8 యూట్ల పందేలు 2017తో ముగిశాయి. మరుసటి ఏడాది డీజిల్ డబుల్ క్యాబ్‌లతో సూపర్‌యూట్స్ పేరిట కొత్త పోటీ పెట్టారు. ఆ చప్పుడు ప్రేక్షకులకు ఎక్కలేదు. చివరకు 2022లో ఆ డబుల్ క్యాబ్‌లలోనూ వీ8 ఇంజన్లు పెట్టాల్సి వచ్చింది.

పోయాక విలువ పెరగడం బళ్లకూ తప్పదు కాబోలు. 2017లో హెచ్‌ఎస్‌వీ చేసిన చివరి మాలూలలో డబ్ల్యూ1 ఇంజనువి నాలుగే. వాటిలో ఒకటి 2021 జనవరి వేలంలో పది లక్షల డాలర్లు దాటింది. దాన్ని కొన్నవాళ్లు సిమెంటు బస్తాలు వేస్తారని నేననుకోను. యూట్‌ను నిజంగా గౌరవించాలంటే అది గడ్డి మోసిన రోజులు చెప్పాలి, ఆ వేలం ధర కాదు.

ఇతర దేశాల్లో ఏమైందో చూస్తే మన ప్రశ్నకు జవాబు ఇంకాస్త తేటపడుతుంది. అమెరికాలో ఇలాంటి బళ్లే ఫోర్డ్ రాంచెరో, షెవర్లె ఎల్ కామినో. రాంచెరో 1979లో, ఎల్ కామినో 1987లో వెళ్లిపోయాయి. బయటి నుంచి తెచ్చి అమ్మడమూ తేలిక కాదు, అక్కడ దిగుమతి ట్రక్కుల మీద 1964 నుంచి 25 శాతం సుంకం ఉంది. యూరప్ వాళ్లు అమెరికా కోళ్ల మీద వేసిన పన్నుకు బదులు తీర్చుకోవడానికి పెట్టింది అది. కోళ్ల గొడవ మరిచిపోయినా సుంకం మాత్రం నిలిచింది. సుబారు తన చిన్న బ్రాట్ తొట్టిలో రెండు ప్లాస్టిక్ సీట్లు బిగించి, ఇది ప్రయాణికుల బండి అని ఆ సుంకం తప్పించుకుంది. హోల్డెన్ యూట్‌ను పాంటియాక్ జీ8 ఎస్‌టీ పేరుతో అమెరికాలో అమ్ముతామని హోల్డెన్ యజమాని జీఎం 2008లో ప్రకటించి, ఆర్థిక సంక్షోభంతో 2009 జనవరిలో విరమించుకుంది. అమెరికా కొనుగోలుదారుకు కావాలో వద్దో చెప్పే అవకాశమే రాలేదు.

అవకాశం వచ్చిన చోట జవాబు వేరుగా ఉంది. ఒకప్పుడు సచిన్ ప్రకటనల్లో మనమూ చూసిన ఫియట్ పాలియో కారు మీద బ్రెజిల్‌లో 1998లో స్ట్రాడా అనే చిన్న పికప్ కట్టారు. 2020లో నాలుగు తలుపులతో కొత్తది వచ్చింది. 2021లో ఆ దేశంలో అన్ని బళ్లలోకీ ఎక్కువ అమ్ముడైంది అదే. అదే 2021లో ఫోర్డు అమెరికాలో మావెరిక్‌ను విడుదల చేసింది. కారు పునాది మీదే కట్టింది, నాలుగు తలుపులు, హైబ్రిడ్ ఇంజను, మొదటి ధర 19,995 డాలర్లు. కొన్ని నెలలకే హైబ్రిడ్ బుకింగులు ఆపేయాల్సి వచ్చింది.

కారు లాంటి చిన్న ట్రక్కు జనానికి కావాలా అంటే, కావాలి. నాలుగు తలుపులుండాలి, ధర అందాలి, కింద బతికున్న కారు ఒకటి ఉండాలి. ఆస్ట్రేలియా యూట్ చివరి రోజుల్లో ఈ మూడింటిలో మొదటిదీ చివరిదీ కరువయ్యాయి. దాన్ని ఎవరూ ఏవగించుకోలేదు, కొనగల వయసులో కొనగలిగినవాళ్లు తగ్గిపోయారు, అంతే. ఉన్న ఎనభై ఏళ్లూ మాత్రం అది ఎవరి బతుకునూ చిన్నబుచ్చలేదు. పని చేసుకునే మనిషికి పనిబట్టలతోనే నలుగురిలోకీ వెళ్లగలిగే మర్యాద ఇచ్చింది. దాని స్థానంలోకి వచ్చిన బళ్లు బలంలో, భద్రతలో, సీట్లలో మిన్నే. మోకాలు ఎత్తితే చాలు ఎక్కగలిగే ఆ తొట్టిని, నిచ్చెన మెట్టు లేకుండా సరుకు వేసుకునే ఆ సుఖాన్ని మాత్రం అవి వెనక్కి ఇవ్వలేదు. ఆ ఘనత యూట్‌దిగానే ఉండిపోయింది.